26 ఏళ్ళకే హెడ్ కోచ్ కుర్చీ: ఎక్కమనాలా, ఆగమనాలా?

ప్రశ్న: మాది బొల్లారం. రైల్వేలో చేసి రిటైరయ్యాను. మా అబ్బాయికి 26 ఏళ్ళు. బీపీఈడీ చేసి ఒక ప్రైవేటు స్కూల్లో పీఈటీగా ఉంటూ, సాయంత్రాలు ఒక అకాడమీలో అండర్-17 ఫుట్‌బాల్ జట్టుకు కోచింగ్ ఇస్తున్నాడు. ఫుట్‌బాల్ కోచింగ్‌కి ఇచ్చే సీ లైసెన్స్ ఉంది. కిందటి సీజన్లో ఒక్క మ్యాచ్ కూడా ఓడకుండా రెండు టోర్నమెంట్లు గెలిచాడు, పేపర్లో ఫొటో కూడా పడింది. ఇప్పుడు వేరే రాష్ట్రంలో లీగ్ ఆడే ఒక క్లబ్ వాళ్ళు సీనియర్ జట్టుకు హెడ్ కోచ్‌గా రమ్మంటున్నారు. ఇప్పటి జీతానికి మూడింతలిస్తారట, ఏడాది కాంట్రాక్ట్. స్కూల్‌కి రాజీనామా లేఖ కూడా టైపు చేసి పెట్టుకున్నాడు. ఎవరేం చెప్పినా 'గెలిచింది నేను కదా నాన్నా' అంటాడు. నడమంత్రపు సిరి అంటారే, అలా అవుతుందేమోనని నా భయం. వెళ్ళమనాలా, ఆపాలా?

జవాబు: ముందు ఒక సంగతి చెప్పేస్తాను. మీ ఉత్తరం చదివాక, మీరు రాసిన నంబరుకి ఫోన్ చేసి మీవాడితోనే అరగంట మాట్లాడాను. మీరు భయపడుతున్నంత పొగరేం కనపడలేదు. అడిగినదానికి దాచకుండా చెప్పాడు.

"కిందటి సీజన్లో మీ జట్టు మొత్తం ఎన్ని గోల్స్ కొట్టింది?" అన్నాను. టక్కున 31 అన్నాడు. ఎవరెన్ని కొట్టారంటే కాస్త లెక్కేసుకుని, అందులో 19 ఒక్క కుర్రాడివే అన్నాడు. ఎలాంటి కుర్రాడు? ఆరడుగులకి అంగుళం తక్కువ, అప్పటికే గడ్డం గీసుకుంటున్నాడు. అవతలి జట్ల డిఫెండర్లు వాడి భుజం దాకా కూడా రారు. "మరి ఈ సీజన్‌కి ఉన్నాడా?" ఫోన్లో కాసేపు చప్పుడు లేదు. "లేడు సార్, వాడికి ఏజ్ దాటిపోయింది."

పిల్లల ఫుట్‌బాల్‌లో ఇది కొత్తేం కాదు. తోటివాళ్ళ కంటే ముందే ఒళ్ళు ఎదిగిన పిల్లలు ఇద్దరు దొరికితే చాలు, వెనక నుంచి పొడుగు బంతి వేస్తూ సీజన్ గెలుచుకురావచ్చు. సీనియర్ జట్టులో అందరూ గడ్డం గీసుకునేవాళ్ళే.

అలాగని మీవాడి గెలుపంతా గాలివాటం అనను. ఇంకో సంగతి చెప్పాడు. ఒక సెమీఫైనల్లో హాఫ్‌టైమ్‌కి 0-1తో వెనకబడ్డారట. అవతలి రైట్ బ్యాక్, అంటే కుడివైపు డిఫెండర్, ముందుకు పరుగెత్తి వెనక్కి నడుచుకుంటూ వస్తున్నాడని ఇతను కనిపెట్టాడు. తన ఎడమవైపు కుర్రాణ్ణి డిఫెన్స్‌కి దిగొద్దని, గీత పక్కనే నిలబడమని చెప్పాడు. రెండు గోల్స్ అటు నుంచే వచ్చాయి. అది మాత్రం అచ్చంగా మీవాడిదే. ఆ కన్ను అందరికీ ఉండదు. కానీ పేపర్లో ఫొటో పడ్డాక ఆ రెండు గోల్స్‌కి, మిగతా 29కి తేడా మీవాడి లెక్కలోనే పోయింది. నేనడిగేదాకా ఆ సెమీఫైనల్ ఊసు కూడా ఎత్తలేదు.

చిన్న వయసులో వచ్చిన గెలుపు కోచ్‌కి చేసే మొదటి కీడు ఇదే. ఏది తన పనితనమో, ఏది చేతికందిన జట్టు బలమో, ఏది కాలం కలిసిరావడమో విడదీసి చూసుకునే అవసరం రాకుండా చేస్తుంది. ఓడినవాడు రాత్రంతా వీడియో ముందు కూర్చుంటాడు. గెలిచినవాడు సన్మానానికి వెళతాడు.

పెద్ద స్థాయిలో దీనికి ఆంద్రే విలాస్ బోయాస్ కథ చూడండి. 2010-11లో పోర్చుగల్ క్లబ్ పోర్టోకి కోచ్. లీగ్‌లో 30 మ్యాచులు ఆడి ఒక్కటీ ఓడలేదు. ఆ మేలో యూరోపా లీగ్ కూడా గెలిచాడు. అప్పటికి అతని వయసు 33. అంత చిన్న వయసులో ఐరోపా కప్పు గెలిచిన కోచ్ అంతకుముందు లేడు. నెల తిరగ్గానే ఇంగ్లండ్ క్లబ్ చెల్సీ, పోర్టోకి కోటిన్నర యూరోలు కట్టి మరీ తెచ్చుకుంది. 2012 మార్చి 4న పంపించేసింది. తొమ్మిది నెలలు కూడా నిండలేదు.

పోర్టోలో అతని డిఫెండర్లు మైదానం మధ్యదాకా జరిగి నిలబడేవాళ్ళు. చెల్సీలోనూ అదే చేయించబోయాడు. అక్కడున్నది వయసు మీదపడుతున్న, వేగం తగ్గిన డిఫెన్స్. వాళ్ళ వెనక ఖాళీ వదిలితే ఏమవుతుందో ఆ అక్టోబర్లో ఆర్సెనల్ చూపించింది, చెల్సీ సొంత మైదానంలోనే 5-3. ఇంకో తలనొప్పి డ్రెస్సింగ్ రూమ్‌లో. ఫ్రాంక్ లాంపార్డ్ అతనికంటే ఎనిమిది నెలలే చిన్న, ఆ క్లబ్‌లో పదేళ్ళ నుంచి ఉన్న దిగ్గజం. అలాంటివాణ్ణి బెంచి మీద కూర్చోబెట్టడం తప్పేం కాదు, కానీ కూర్చోబెట్టినవాడి మాట చెల్లాలి కదా. పాత ఊళ్ళో తెచ్చుకున్న పేరుతో కొత్త ఊళ్ళో మాట చెల్లదు. ఆ తర్వాత రష్యాలో జెనిత్‌తో 2014-15 లీగ్ గెలిచాడు కాబట్టి మునిగిపోయాడనలేం. అయితే ఆ మొదటి సీజన్ స్థాయిని మళ్ళీ అందుకోలేదు. 2021 తర్వాత కోచింగ్ వైపు రాలేదు, 2024లో పోర్టోకే అధ్యక్షుడిగా ఎన్నికయ్యాడు.

చెల్సీలో అతని కుర్చీలో కూర్చున్న అసిస్టెంట్ రొబెర్టో డి మాటియో ఆ మేలోనే చాంపియన్స్ లీగ్ గెలిచాడు. నవంబర్లో ఆయన్నీ సాగనంపారు. ఈ వృత్తిలో గెలుపు ఉద్యోగానికి హామీ కాదు. యజమాని ఆశలు పెంచే సరుకు. ఇది మీవాడు ఇప్పుడే తెలుసుకుంటే మంచిది.

రెండో సీజన్ మాట కూడా చెప్పాలి. మొదటి ఏడాది మీవాడెవరో అవతలివాళ్ళకి తెలియదు. రెండో ఏడాది ప్రతివాడి ఫోన్లో మీవాడి జట్టు వీడియో ఉంటుంది, ఆ ఎడమవైపు కుర్రాడికి ఇద్దరేసి కాపలా ఉంటారు. పైగా బాగా ఆడినవాణ్ణి పెద్ద క్లబ్ ఎత్తుకుపోతుంది. 2016లో ఇంగ్లండ్ లీగ్ గెలిచి లోకాన్ని ఆశ్చర్యపరిచిన లెస్టర్ నుంచి ఆ వేసవిలోనే ఎంగోలో కాంటే చెల్సీకి వెళ్ళిపోయాడు. కోచ్ రనియెరీని మరుసటి ఫిబ్రవరిలో తీసేశారు.

ఇక మన ఊరి సంగతి. రహీమ్ సాబ్ గురించి మీ తరానికి నేను చెప్పక్కర్లేదు, మీవాడికి మాత్రం మీరే చెప్పాలి. సయ్యద్ అబ్దుల్ రహీమ్ వృత్తిరీత్యా బడిపంతులు. మన హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు 1950 నుంచి 1954 దాకా బొంబాయిలో జరిగే రోవర్స్ కప్పు వరసగా ఐదుసార్లు గెలిచింది ఆయన చేతిమీదుగానే. భారత జట్టు పగ్గాలు పట్టిన ఏడాదికే, 1951 ఢిల్లీ ఏషియన్ గేమ్స్‌లో స్వర్ణం. మరుసటేడాది హెల్సింకి ఒలింపిక్స్‌లో యుగోస్లావియా మనల్ని 10-1తో చితకబాదింది. మనవాళ్ళలో చాలామంది ఉత్తికాళ్ళతో ఆడారు మరి. ఈ రోజుల్లో అయితే విమానం దిగేలోపే కోచ్‌ని మార్చేసేవాళ్ళు. అప్పుడు మార్చలేదు. బూట్లు తప్పనిసరి అయ్యాయి, ఆటతీరు మారింది. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం, 1962 జకార్తా ఏషియన్ గేమ్స్‌లో దక్షిణ కొరియా మీద 2-1తో మళ్ళీ స్వర్ణం. రెండు స్వర్ణాల మధ్య పదకొండేళ్ళు. ఆ పది గోల్స్ దెబ్బ తిన్నాక కూడా ఆయనకి టైమ్ ఇచ్చారు. మీవాడి చేతిలో ఉన్నది ఏడాది కాంట్రాక్ట్.

ఇప్పటి కాలానికి దగ్గరగా కావాలంటే ఖాలిద్ జమీల్. ముంబైలో ఒక మామూలు క్లబ్‌ని ఏళ్ళ తరబడి నడిపి, 2016-17లో మిజోరం జట్టు ఐజాల్‌తో దేశ లీగ్ అయిన ఐ-లీగ్ గెలిచాడు. ఆ జట్టు అంతకుముందు ఏడాది కింది డివిజన్‌కి పడిపోయి, మళ్ళీ చోటు దొరికించుకున్నది. మోహన్ బగాన్ కంటే ఒక్కటంటే ఒక్క పాయింట్ ఎక్కువ. వెంటనే కోల్‌కతా పిలిచింది, ఈస్ట్ బెంగాల్. ఒక్క సీజన్, నాలుగో స్థానం, బయటికి. నాకు నచ్చేది ఆ తర్వాతి భాగం. దేశ చాంపియన్ కోచ్ అనిపించుకున్న మనిషి నార్త్ఈస్ట్ యునైటెడ్‌లో అసిస్టెంట్‌గా కూర్చున్నాడు. 2021లో హెడ్ కోచ్‌ని సీజన్ మధ్యలో తప్పించినప్పుడు ఆ జట్టుని ప్లేఆఫ్స్‌కి తీసుకెళ్ళాడు. 2025 ఆగస్టులో భారత జట్టు కోచ్ అయ్యాడు. అసిస్టెంట్ కుర్చీ మీవాడికి నామోషీగా కనపడితే ఈ కథ వినిపించండి.

సరే, వెళ్ళమనాలా వద్దా? హెడ్ కోచ్‌గా, ఏడాది కాంట్రాక్ట్ మీద, సీ లైసెన్స్‌తో ఇప్పుడే వెళ్ళొద్దనే నా సలహా. అదే క్లబ్‌లో అసిస్టెంట్‌గానో, వాళ్ళ జూనియర్ జట్టుకో రెండు సీజన్లు చేస్తానని మీవాడే అడిగి చూడాలి. జీతం తగ్గుతుంది, తగ్గనివ్వండి. ఈలోగా బీ లైసెన్స్ పూర్తిచేయాలి. పెద్ద లీగుల్లో హెడ్ కోచ్‌గా కూర్చోవాలంటే ఏ, ఆపైన ప్రో దాకా ఎక్కాలి. ఆ మెట్లు ఒకదాని తర్వాత ఒకటి, మధ్యలో మైదానం మీద పనిచేసిన అనుభవం చూపించాలి. ఆ లీగ్ నిబంధనల ప్రకారం సీ లైసెన్స్ సరిపోతుందో లేదో క్లబ్ చేత రాయించుకోవాలి. సరిపోకపోతే లైసెన్సున్న ఇంకొకరి పేరు కాగితం మీద పెట్టి మీవాణ్ణి నడిపించమంటారు. ఓడితే మాత్రం ఆ ఇంకొకరిని అడగరు.

హెడ్ కోచే కావాలని వాళ్ళు పట్టుబడితే, కనీసం రెండు సీజన్ల కాంట్రాక్ట్, మధ్యలో తీసేస్తే ఆరు నెలల జీతం ఉండాలి. ఆటగాళ్ళని ఎవరు ఎంచుతారో తేలాలి. ఫైనల్ ఎలెవన్ యజమాని బావమరిది వేస్తే కోచ్ చేసేదేముంది? ఇప్పుడు ఆ జట్టులో ఉన్న ఇద్దరు ఆటగాళ్ళకి ఫోన్ చేసి జీతాలు నెలనెలా పడుతున్నాయో లేదో అడగమనండి. ఎందుకు చెబుతున్నానంటే, హైదరాబాద్ ఎఫ్‌సీ 2021-22లో ఐఎస్‌ఎల్ (ఇండియన్ సూపర్ లీగ్) చాంపియన్. గచ్చిబౌలిలో ఆడిన మన జట్టే. కోచ్ మనోలో మార్క్వెజ్ వెళ్ళిపోయాక, డబ్బు ఇబ్బందుల్లో ఆటగాళ్ళు ఒక్కొక్కరే జారుకోగా, 2023-24లో 22 మ్యాచుల్లో ఒక్కటే గెలిచి అట్టడుగున నిలిచింది. ఆ పరిస్థితిలో ఏ కోచ్ మాత్రం ఏం చేయగలడు? టేబుల్లో చివరి స్థానం మాత్రం కోచ్ రికార్డులోకే చేరుతుంది.

మీకొక మాట. ఇంట్లో 'అదృష్టం కలిసొచ్చిందిరా' అనకండి. ఆ మాట అన్నకొద్దీ 'గెలిచింది నేనే' అని ఇంకా గట్టిగా అంటాడు. ఆ సెమీఫైనల్లో హాఫ్‌టైమ్‌లో ఏం చెప్పావురా అని అడగండి. అదొకటి అడిగితే అవతలి డిఫెండర్లు, గడ్డం కుర్రాడు, అన్నీ అవే బయటికొస్తాయి. నాకు అలాగే వచ్చాయి.

మీవాడికి ఒక పని అప్పగించాను. 31 గోల్స్‌నీ వరసగా ఒక కాగితం మీద రాసి, ప్రాక్టీసులో చేయించిన దాని నుంచి వచ్చినవేవో టిక్కు పెట్టమన్నాను. శనివారం అది పట్టుకుని వస్తానన్నాడు. మీరూ రండి. టైపు చేసిన ఆ రాజీనామా లేఖ మీద అప్పటిదాకా తేదీ వేయొద్దని చెప్పండి.