పిల్లి దాడి చేసిన పాముకి పైకి గాయం కనబడకపోతే

తమ్ముడూ, నీ ప్రశ్న చదివాను. రూమ్మేట్ పిల్లి ట్యాంకు మూత తోసేసి నీ కార్న్ స్నేక్ మీద పడింది, పైకి గాయమేమీ లేదు, డాక్టరు ఫీజు చూస్తే భయమేస్తోంది కాబట్టి నాలుగు రోజులు ఆగి చూద్దామనుకుంటున్నావు. ఆగకు. ఈ లెక్క నేను ముందే వేసి దెబ్బ తిన్నాను.

ఇక్కడికి వచ్చిన కొత్తలో బాల్ పైథాన్ అనే పెంపుడు పాముని తెచ్చుకున్నాను. కుక్కకయ్యే ఖర్చు దీనికి ఉండదని ధీమా. పక్క గదివాళ్ల పిల్లి ఒకరోజు దాన్ని కొరికింది. నడుం దగ్గర రెండు చిన్న చుక్కలు, నెత్తురు కూడా రాలేదు. ఫీజు మిగిలిందనుకుని ఊరుకున్నాను. పిల్లి కోరలు సన్నగా, పొడుగ్గా ఉంటాయి. పైన కంత మూసుకుపోతుంది, లోపల పాశ్చురెల్లా లాంటి బాక్టీరియా మిగిలిపోతుంది. కొన్ని వారాలకి అక్కడ గడ్డ లేచింది. పాముల్లో చీము మనకులా కారదు, జున్నులా గట్టిపడుతుంది. అందులోకి మందు సరిగా ఎక్కదు, కోసి తీయాల్సిందే. మత్తు, ఆపరేషన్, కుట్లు, మళ్లీ చెకప్‌లు... అన్నీ క్రెడిట్ కార్డు మీదే. పాము కోలుకున్నాక కూడా చాలాకాలం వడ్డీ కడుతూనే ఉన్నాను. మొదట్లోనే వెళ్లుంటే బహుశా యాంటీబయాటిక్‌తో పోయేది. అయినా ఎవరి ముందూ చేయి చాచకుండా ఆ అప్పు తీర్చాను, పాముని బతికించుకున్నాను. మాకు అప్పట్లో చెప్పేవాళ్లు లేరు. మీకు అన్నీ ఫోన్లో ఉన్నా, ముందు కంగారు పడి తర్వాత వెతుకుతారు.

సరే, ఇప్పుడు మంచి వెలుతురులో తల నుంచి తోక దాకా, పొట్ట వైపు కూడా మెల్లగా చూడు. పొలుసు లేచిందా, ఎక్కడైనా వాపుందా, వెన్ను వంకరగా ఉందా? నోరు తెరిచి ఊపిరి తీస్తున్నా, నోట్లో నెత్తురు కనిపించినా, వెల్లకిలా పడితే తిరగలేకపోతున్నా అది ఎమర్జెన్సీ. కొరికిందని అనుమానమున్నా చాలు, ఒక్కరోజులోపే చూపించు. ట్యాంకులో పొట్టు తీసేసి పేపర్ టవల్ పరుచు, నెత్తురు చుక్క పడితే తెలుస్తుంది. వెచ్చని మూల మామూలుగానే ఉండనీ. డాక్టరు చూసేదాకా ఎలుక వేయకు, టెన్షన్‌లో ఉన్న పాము కక్కేయొచ్చు.

అన్నింటికీ పారాసిటమాల్ వేసే అలవాటు మాత్రం దీని దగ్గర వద్దు. గువామ్ దీవిలో బ్రౌన్ ట్రీ స్నేక్‌లని చంపడానికి ఒక్కో చచ్చిన ఎలుకలో 80 మిల్లీగ్రాముల పారాసిటమాలే పెట్టి గాల్లోంచి వదిలారు.

ఫోన్ చేసినప్పుడు పాముల్ని చూస్తారా అని ముందే అడుగు. కుక్కలూ పిల్లులే చూసే క్లినిక్‌కి వెళితే, ఫీజు తీసుకుని ఇంకో చోటికి పంపొచ్చు. రెండు ఫీజులు దండగ. అంచనా రాసిమ్మను, వాయిదాలు ఉన్నాయా కనుక్కో. ఇన్సూరెన్స్ ఇప్పుడు తీసుకుంటే ఈ దెబ్బకి పనికిరాదు, తర్వాతి వాటికి తీసుకునేటప్పుడు పాములకి వర్తిస్తుందో లేదో చూడు. పాముని ఉంచుకోవడానికి లైసెన్సు, అద్దె అగ్రిమెంటు రూల్స్ నువ్వే చదువుకోగలవు.

మూతకి క్లిప్పులు ఇవాళే కొను. బిల్లులో సగం ఇస్తాడేమో రూమ్మేట్‌ని డాక్టరు దగ్గరికి వెళ్లకముందే అడుగు, మాట మెసేజ్‌లో ఉండేలా చూసుకో. బిల్లు వచ్చాక అడిగితే తన పిల్లి అలాంటిది కాదంటాడు.