ఏజెంట్‌కి పక్క సీటు ఉండదు

ప్రశ్న: మా టీమ్ టూల్స్‌ని ఏఐ ఏజెంట్లకు (టూల్స్‌ని తామే వాడుతూ పనులు చేసే ఏఐలకు) ఇవ్వాలనుకుంటున్నాం. వాటికి అర్థమయ్యేలా డాక్యుమెంటేషన్ రాయడానికి ఏ ఫార్మాట్ మంచిది?

ఫార్మాట్ గురించి అంత టెన్షన్ పడకండి. ఏఐకి టూల్స్ అందించే పద్ధతుల్లో ఓపెన్‌ఏఐ ఫంక్షన్ కాలింగ్ 2023 జూన్‌లో వచ్చింది, ఆంత్రోపిక్ వాళ్ల ఎంసీపీ 2024 నవంబర్‌లో వచ్చింది. ఏది పట్టుకున్నా మిమ్మల్ని అడిగేవి ముఖ్యంగా మూడే: టూల్ పేరు, వివరణ, ఏమేం ఇన్‌పుట్ ఇవ్వాలో చెప్పే జేసన్ స్కీమా. ఆ వివరణలో ఏం రాస్తారన్నదే అసలు సంగతి. నేను దెబ్బతిన్నది అక్కడే.

మా దగ్గర ఓ చిన్న టూల్ ఉంది. సర్వర్ పేరు ఇస్తే, అది పనిచేస్తోందో లేదో చూసి చెబుతుంది. రాసింది నేనే. అందులో 'టైమవుట్' అనే ఇన్‌పుట్ ఒకటి, అంటే జవాబు కోసం ఎంతసేపు ఆగాలో. దాని ఎదురుగా నేను రాసిన వివరణ, ఉన్నదున్నట్టు: "టైమవుట్ విలువ".

ఏజెంట్‌కి అప్పగించిన మొదటి వారంలోనే అది టైమవుట్‌కి 30 ఇచ్చింది. ముప్ఫై సెకన్లు అనుకుంది. నా టూల్ ముప్ఫై మిల్లీసెకన్లు అనుకుంది. ఎక్కడో దూరంగా ఉన్న సర్వర్ ఆ కాస్త సేపట్లో ఏం పలుకుతుంది? "విఫలమైంది" అని వచ్చింది. నా ఎర్రర్ మెసేజ్ మొత్తం ఆ ఒక్క మాటే. ఏజెంట్ మళ్లీ ప్రయత్నించింది, మళ్లీ అదే మాట. తర్వాత లాగ్‌లో లెక్కపెడితే పదిహేడుసార్లు. మధ్యలో పాపం 60 కూడా ఇచ్చి చూసింది. ఆఖరికి నాలుగు పేరాల రిపోర్ట్ రాసింది: సర్వర్ పడిపోయింది, నెట్‌వర్క్ లోపం కావచ్చు, వెంటనే చూడండి అని. ఎంత పొందిగ్గా రాసిందంటే మా లీడ్ నమ్మేసి అర్ధరాత్రి నాకు ఫోన్ చేశారు. నిద్రమొహంతో ల్యాప్‌టాప్ తెరిచి చూస్తే సర్వర్ నిక్షేపంలా ఉంది.

ముందు ఏజెంట్‌నే తిట్టుకున్నాను. కానీ దాని తప్పేముంది? ప్రోగ్రామర్లు వాడే టూల్స్‌లోనే ఒక్కోటి ఒక్కోలా: కర్ల్‌లో మ్యాక్స్ టైమ్ సెకన్లలో ఇస్తాం, పైథాన్ రిక్వెస్ట్స్‌లోనూ సెకన్లే. జావాస్క్రిప్ట్ సెట్‌టైమవుట్‌కి, ఆక్సియోస్‌కి మాత్రం మిల్లీసెకన్లు. చెప్పకపోతే ఎవరికైనా ఎలా తెలుస్తుంది? మరి ఇన్నేళ్లూ మా టీమ్‌లో ఎవరికీ ఈ ఇబ్బంది ఎందుకు రాలేదంటే, కొత్తగా చేరిన ప్రతివాళ్లూ నా సీటు దగ్గరికొచ్చి "ఇది సెకన్లా, మిల్లీసెకన్లా అన్నా?" అని అడిగి వెళ్లేవాళ్లు. మా డాక్యుమెంటేషన్ అంతా నోటిమాట మీదే నడిచింది.

మర్నాడు ఆ ఇన్‌పుట్ పేరు 'టైమవుట్ సెకండ్స్' అని మార్చి, లోపల లెక్క కూడా సెకన్లకు మార్చాను. ఎర్రర్ మెసేజ్ ఇలా తిరగరాశాను: "5 సెకన్లలో జవాబు రాలేదు. అంతమాత్రాన సర్వర్ పడిపోయినట్టు కాదు. టైమవుట్ పెంచి ఒక్కసారి చూడు, అప్పటికీ రాకపోతే మనిషికి చెప్పు." మళ్లీ ఆ గోల లేదు. నన్నడిగితే ఎర్రర్ మెసేజ్‌ని మించిన డాక్యుమెంటేషన్ లేదు, ఎందుకంటే ఏజెంట్ సరిగ్గా చిక్కుకుపోయినప్పుడు చదివేది దాన్నే.

టూల్ ఎప్పుడు వాడకూడదో కూడా రాయండి. మాకు 'గెట్ రికార్డ్', 'ఫెచ్ రికార్డ్' అని రెండు ఉండేవి. మొదటిది క్యాష్‌లోంచి, అంటే ముందే దాచిపెట్టిన కాపీలోంచి తెస్తుంది, రెండోది నేరుగా డేటాబేస్ లోంచి. మనుషులకే తికమక. "ఇప్పుడే మారిన డేటా కావాలంటే ఇది వాడొద్దు" అని మొదటిదానికి ఒక్క వాక్యం చేర్చాక ఆ గొడవ తగ్గింది. ఇక డిలీట్ చేసే టూల్స్ సంగతి. ఎంసీపీలో 'డిస్ట్రక్టివ్ హింట్' అని ఓ గుర్తు పెట్టొచ్చు గానీ, అది పేరుకు తగ్గట్టు హింట్ మాత్రమే, తాళం కాదు. డ్రై రన్ (నిజంగా చెరపకుండా, ఏం చెరుపుతుందో చూపించడం) పెట్టండి, పర్మిషన్లు తగ్గించండి.

నాకు ఒళ్లు మండేది ఇద్దరిని చూస్తే. "కోడే డాక్యుమెంటేషన్" అనే మహానుభావులు ఒకరు. ఉన్న వికీ మొత్తం తెచ్చి ఏజెంట్ నెత్తిన కుమ్మరించేవాళ్లు రెండోవాళ్లు. ఆ వికీలో సగం "అత్యంత వేగం, ఎంతో సులువు" అనే సొంత డబ్బానే. 1971 నాటి యూనిక్స్ ఆపరేటింగ్ సిస్టమ్ మొదటి మాన్యువల్ చూడండి. కమాండ్ పేరు, వాడే తీరు, ఏం చేస్తుంది, ఏ ఫైళ్లు ముట్టుకుంటుంది, ఎర్రర్ వస్తే ఏమని వస్తుంది, చివర 'బగ్స్' అనే శీర్షిక కింద తన లోపాలు తనే ఒప్పుకోవడం. అప్పట్లో ఏజెంట్లూ లేవు, ఏమీ లేవు. ఈ రోజు దాన్ని అలాగే దించేసినా మీ టూల్స్‌కి సరిపోతుంది.

ఇంత చెబుతున్నాను కదా అని మా టూల్స్ అన్నీ బాగుపడ్డాయనుకోకండి. 'డేటా' అనే ఇన్‌పుట్ తీసుకునే టూల్ ఒకటి ఇంకా ఉంది. దాని వివరణ: "డేటా". రాసినాయన ఉద్యోగం మారిపోయారు. దాన్ని మాత్రం ఏజెంట్‌కి ఇంకా ఇవ్వలేదు.