రిపోర్టు నార్మల్ వచ్చిందని ఇమాటినిబ్ ఆపకండి

మీరు అడిగింది ఇది: నాన్నగారికి సీఎంఎల్ (ఒక రకం రక్త క్యాన్సర్), దానికి రోజూ ఇమాటినిబ్ అనే మాత్ర 400 మిల్లీగ్రాములు వేసుకుంటున్నారు, బ్లడ్ రిపోర్టు నార్మల్ వచ్చింది, ఇక మాత్ర ఆపొచ్చా అని. ఆపొద్దు. సొంత నిర్ణయంతో అయితే అస్సలు వద్దు. మా అమ్మ ఏళ్ళ తరబడి ఇదే మందు మీద ఉంది కాబట్టి ఇంత గట్టిగా చెప్తున్నాను.

మీరు చూసింది సీబీసీ, అంటే రక్తకణాల లెక్క చూపే పరీక్ష అనుకుంటా. తెల్లకణాల లెక్క కొన్ని వారాల్లోనే దారికొస్తుంది. అసలు చూడాల్సింది పీసీఆర్, అంటే రక్తంలో బీసీఆర్-ఏబీఎల్ అనే జన్యువు జాడ ఇంకా ఎంతుందో కొలిచే పరీక్ష. 9వ, 22వ క్రోమోజోముల ముక్కలు తారుమారై పుట్టిన జన్యువు అది. దాని నుంచి తయారయ్యే ఎంజైము, స్విచ్ ఆన్‌లో ఇరుక్కుపోయిన నీళ్ళ మోటారులా, ఆపేవాళ్ళు లేక కణాలను పెంచుతూనే ఉంటుంది. కణాలకు శక్తినిచ్చే ఏటీపీ అనే పదార్థమే దానికి కరెంటు. ఆ ఏటీపీ వచ్చి చేరాల్సిన చోట ఇమాటినిబ్ కూర్చుంటుంది, అంతే. స్విచ్‌ను బాగుచేయదు. పైగా 18 గంటలు గడిచేసరికి రక్తంలో మందు దాదాపు సగమైపోతుంది. రోజూ వేసుకోమనేది అందుకే.

మాది హనుమకొండ. అమ్మకు మూడు నెలలకోసారి పీసీఆర్ చేయిస్తాం. 0.1 శాతం కన్నా కిందే ఉంటూ వచ్చినది ఒకసారి ఉన్నట్టుండి పైకి పోయింది. మ్యుటేషన్ వచ్చి, అంటే ఆ జన్యువు మళ్ళీ మారి, మందు పట్టట్లేదేమో, మందు మార్చాలేమో అని ఇంట్లో అందరికీ ఒకటే టెన్షన్. డాక్టరుగారు మాత్రం రిపోర్టు పక్కన పెట్టి, “రోజూ గోలీ వేసుకుంటున్నారా అమ్మా?” అని అడిగారు.

“వేసుకుంటున్న సార్.”

“ఒక్కరోజు కూడా తప్పలేదా?”

అమ్మ కొంగు సర్దుకుంది. “కార్తీకం నెలంత ఒక్కపొద్దులున్న సార్. ఖాళీ కడుపుతోని వేసుకోవద్దని మీరే చెప్తిరి కద. అందుకే పొద్దున గోలీ వేసుకోలే.”

ఆయన కోప్పడలేదు. “చుక్క చూసినంక తింటారు కదమ్మా, అప్పుడు వేసుకోండి. తిన్న వెంటనే, పెద్ద గ్లాసు నిండా నీళ్ళతో” అన్నారు. ఇంటికొచ్చి దేవుడి అల్మారా తీస్తే విప్పని స్ట్రిప్పులు పసుపు డబ్బా వెనక వరసగా ఉన్నాయి. మాత్ర రాత్రి భోజనం తర్వాతకు మారింది, తర్వాతి పీసీఆర్ మళ్ళీ దిగింది. ఉపవాసమూ ఆగలేదు, మందూ ఆగలేదు.

“మందు పనిచేయట్లేదు” అనే కేసుల్లో సగానికి సగం ఇలాంటివే అని నా నమ్మకం. ఉపవాసాలుంటారా అని మందు రాసేటప్పుడే అడిగితే ఏం పోతుంది? మందుతో వచ్చే కాగితం ఇంగ్లీషులో, చీమతలకాయంత అక్షరాల్లో ఉంటుంది. మా అమ్మ అది ఎట్లా చదువుతుంది? ఇక చుట్టాలు. ఒకరు కషాయమంటారు, ఇంకొకరు ఏదో పొడి అంటారు. కాలేయంలో ఈ మందును అరిగించే ఎంజైములను తారుమారు చేసే మూలికలు కొన్ని ఉన్నాయి. డాక్టరుకు చెప్పకుండా ఏదీ ఇవ్వకండి.

ఇంకోటి చెప్పాలి. ఇమాటినిబ్‌నే గ్లివెక్ పేరుతో అమ్మే నోవార్టిస్ కంపెనీకి 2013 ఏప్రిల్ 1న సుప్రీంకోర్టు దాని మీద పేటెంటు నిరాకరించింది. అప్పట్లో ఆ బ్రాండు నెలకు లక్ష రూపాయలు దాటేది, అదే మందు వేరే కంపెనీలు చేసిన జెనరిక్ పది వేల లోపే దొరికేది. ఆ కేసులో ఎదురు నిలిచినవాళ్ళలో మన హైదరాబాదు మందుల కంపెనీ నాట్కో కూడా ఉంది. ఆ పోరాటం వల్లే మా అమ్మ లాంటివాళ్ళు ఏళ్ళకేళ్ళు మందు కొనుక్కోగలుగుతున్నారు. అంత కష్టపడి చేతికందిన మాత్ర అల్మారాలో ఉండిపోతే నాకు ప్రాణం ఉసూరుమంటుంది.

డాక్టర్ల పర్యవేక్షణలో ఆపినవాళ్ళు లేకపోలేదు. ఫ్రాన్సులో, పీసీఆర్‌లో కూడా రెండేళ్ళకు పైగా ఏమీ కనిపించని వంద మందికి ఆపి చూశారు. వాళ్ళలోనే సగానికి పైగా మందికి జబ్బు తిరిగొచ్చింది, అదీ ఎక్కువమందికి ఆరు నెలల్లోపే. నెలనెలా పరీక్ష చేస్తూ ఉన్నారు కాబట్టి వెంటనే పట్టుకుని మళ్ళీ మందు మొదలుపెట్టారు. మీ నాన్నగారి పీసీఆర్ ఎంతుందో మీరు రాయనేలేదు. ముందు అది చేయించండి, ప్రతిసారీ ఒకే ల్యాబులో. డాక్టరు దగ్గరికి వెళ్ళేటప్పుడు రిపోర్టుతో పాటు ఇంట్లో మిగిలిన స్ట్రిప్పులన్నీ సంచిలో వేసుకుని వెళ్ళండి.