బలరాంకు గ్రంథాలయంలో నివాళి పెట్టేముందు

బిడ్డా,

ఫిబ్రవరి 16న తులసీదాస్ బలరాం వర్ధంతికి మన గ్రంథాలయంలో నివాళి పెడుతున్నానని రాశావు. చాలా సంతోషమైంది. ఆయన సికింద్రాబాద్ దగ్గరి అమ్ముగూడలో పుట్టాడు. 2023లో కోల్‌కతాలో పోయాడు. అంత పెద్ద ఫుట్‌బాల్ ఆటగాడు మన దగ్గరివాడేనని ఇక్కడి పిల్లలకు తెలియాలి.

ఫొటోకు దండ, రెండు ఉపన్యాసాలు, చాయ్‌తో ఆపకు. వచ్చినవాళ్లకు చదవడానికి ఏదన్నా దొరకాలి. ఆయన పోయిన మర్నాటి పేపర్ల ఫైలు ఇంకా ఉంటే ముందు అది తీయించు. పాత పేపర్లు తూకానికి వేసేముందు ఇట్లాంటి పేజీలు కత్తిరించి దాచడం ఇప్పటినుంచే మొదలుపెట్టు.

బోర్డు మీద రాసేది మాత్రం ఒకటికి రెండుసార్లు సరిచూసుకో. పోటీ పరీక్షల పిల్లలు దాన్ని అట్లనే నోట్సులోకి ఎక్కించుకుంటారు. ఒలింపిక్ పతకమని ఎవరన్నా చెప్తే రాయకు. 1956 మెల్‌బోర్న్‌లో మన జట్టుది నాలుగో స్థానం. 1960 రోమ్‌లో హంగరీ మీద 2-1తో, పెరూ మీద 3-1తో ఓడిపోయాం. ఆ రెండు మ్యాచ్‌ల్లోనూ మన గోలు కొట్టింది బలరామే. ఓడిన ఆటలు కదా అని వదిలేయకు, ముందు వరుసలో పెట్టు. బంగారం వచ్చింది 1962 జకార్తా ఆసియా క్రీడల్లో. గ్రూపు మ్యాచ్‌లో మనల్ని 2-0తో ఓడించిన దక్షిణ కొరియానే ఫైనల్లో 2-1తో ఓడించారు. ఆ జట్టు కోచ్ హైదరాబాద్ రహీం సాబ్. ఆయన గురించి పక్కనే ఒక కార్డు పెట్టకపోతే ఈ కథ సగమే చెప్పినట్టు. ఊపిరితిత్తుల జబ్బుతో బలరాం చిన్న వయసులోనే ఆట మానుకోవాల్సి వచ్చింది. అదీ ఉన్నది ఉన్నట్టు రాయి.

మైకు వద్దు. చదువుకునేవాళ్ల టైం పాడుచేసే హక్కు మనకు లేదు. సాయంత్రం వరండాలో పెట్టుకో. నాయకుల కోసం ఎదురుచూస్తూ పిల్లలను కూర్చోబెట్టకు. ఎన్జీ కాలేజీ గ్రౌండ్‌లో ఫుట్‌బాల్ ఆడే పిల్లలుంటే స్వయంగా పోయి పిలువు. జకార్తా ఫైనల్ గురించి నువ్వు రాసిన పేజీని వాళ్లలో ఒకరితో గట్టిగా చదివించు. గోడకు ప్రపంచపటం తగిలించి అమ్ముగూడ, మెల్‌బోర్న్, రోమ్, జకార్తా గుర్తు పెట్టించు.

బోర్డును ఆ సాయంత్రమే తీసేయకు, వారమన్నా ఉండనీ. సభ్యత్వం ఫారాలు టేబుల్ మీదే పెట్టుకో, ఆ పిల్లలు అడిగితే మళ్లీ రమ్మనకుండా అక్కడే నింపించు.

ఉంటాను.