మొదటిసారి ఏతెకాఫ్‌లో కూర్చోబోతున్న మా మేనల్లుడికి

కడప

నాయనా,

అస్సలాము అలైకుం వ రహమతుల్లాహి వ బరకాతుహు.

ఈ రంజానులో చివరి పది రోజులు హైదరాబాదులో మీ ఇంటి దగ్గరి మస్జిదులోనే, గడప దాటకుండా ఆరాధనలో గడిపే ఏతెకాఫ్ కూర్చోవాలనుకుంటున్నావని మీ అమ్మ ఫోనులో చెప్పగానే నాకు కళ్ళు చెమర్చాయి. నువ్వు అడిగి పంపిన ప్రశ్నలు మూడు. ఏమేమి తీసుకెళ్ళాలి, ఆఫీసు పని లోపలి నుంచి చేసుకోవచ్చా, పది రోజులూ ఒకేచోట ఎలా గడపాలి. మూడింటికీ జవాబు రాస్తాను గాని, వాటికన్నా ముందు తెలుసుకోవలసిన సంగతి ఒకటి నువ్వు అడగలేదు. నువ్వు దాటకూడని గడప ఎక్కడుందో నీకు తెలియాలి.

ఏతెకాఫ్ అన్న అరబీ మాటకు ఒకచోటును అంటిపెట్టుకొని ఉండిపోవడమని అర్థం. అందువల్ల ఆ చోటు హద్దులు తెలియనివాడు ఎంత ఖురాను చదివినా, ఎన్ని రకాతులు నమాజు చేసినా, తెలియకుండానే ఏతెకాఫ్ పోగొట్టుకొనే ప్రమాదం ఉంది. మస్జిదు ప్రహరీ లోపల ఉన్నదంతా షరీయతు దృష్టిలో మస్జిదు కాదు. నమాజు కోసం ప్రత్యేకించిన స్థలమే మస్జిదు. నమాజుకు ముందు ముఖం, కాళ్ళూ చేతులూ కడుక్కొని వుజూ చేసుకొనే కుళాయిలు, మరుగుదొడ్లు, చెప్పులు విడిచే మెట్లు, ఇమాం గారి గది, పిల్లలు చదువుకొనే గదులు సాధారణంగా ఆ హద్దుకు బయట ఉంటాయి. ఇది ఒక్కో మస్జిదులో ఒక్కో విధంగా ఉంటుంది కాబట్టి, రంజాను మొదటి వారంలోనే నమాజు చేయించే మీ పేష్ ఇమాం గారి దగ్గరికి వెళ్ళి, ఆయనతో కలిసి ఒకసారి నడిచి, ఏ గచ్చు వరకు లోపల, ఏ మెట్టు నుంచి బయట అన్నది కళ్ళారా చూసుకో. సిగ్గుపడవద్దు. నేను సిగ్గుపడే నష్టపోయాను.

నేను మొదటిసారి కూర్చున్నది 1987లో. ఆ ఏడు రంజాను మే నెలలో వచ్చింది. కడప మే ఎండ సంగతి నీకు చెప్పనక్కరలేదు. కరెంటు పోతే మస్జిదులో ఉన్న నాలుగు ఫ్యానులూ ఆగిపోయేవి. ఇరవై నాలుగో రోజా (ఉపవాసం) నాడు మధ్యాహ్నం జుహర్ నమాజు తర్వాత ఒళ్ళంతా మండిపోతుంటే, ఎవరినీ అడగకుండా స్నానాల గదికి వెళ్ళి ఒక బకెట్టు నీళ్ళు పోసుకొని వచ్చాను. తడి తలతో తిరిగి వస్తున్న నన్ను అప్పటి పేష్ ఇమాం గారు చూశారు. ఆయన గద్దించలేదు. పక్కన కూర్చోబెట్టుకొని, కేవలం చల్లదనం కోసం చేసే స్నానం బయటికి వెళ్ళడానికి అనుమతి ఉన్న అవసరాలలో లేదని, ఆ ఒక్క బకెట్టుతో, ప్రవక్త (స) ఆచరణ ప్రకారం చివరి పది రోజులూ ఉండే నా సున్నత్ ఏతెకాఫ్ భంగమైందని, మిగిలిన రోజులు నఫిల్ (ఐచ్ఛిక) నియ్యత్‌తో, అంటే సంకల్పంతో, ఉండి పండుగ తర్వాత దానికి బదులుగా ఒక రోజు ఖజా చెల్లించుకోవాలని చాలా మెల్లగా చెప్పారు. ఆ మాటలు విని నేను చిన్నపిల్లవాడిలా ఏడ్చాను.

రంజాను తర్వాతి షవ్వాల్ నెలలో ఒక సాయంత్రం సూర్యాస్తమయానికి ముందే వెళ్ళి, మరునాడు ఉపవాసం ఉండి, సూర్యాస్తమయపు మగ్రిబ్ నమాజు వరకు ఆ ఖజా తీర్చాను. ఆ రోజు మస్జిదులో నాతోపాటు కూర్చున్నవారు ఎవరూ లేరు. పరదాలు లేవు, ఇఫ్తార్ పళ్ళేలు లేవు, పండుగ హడావుడి లేదు. జుహర్‌కూ సాయంత్రపు అసర్ నమాజుకూ మధ్య గోడ గడియారం చప్పుడు తప్ప ఏమీ వినిపించలేదు. మగ్రిబ్ వేళకు మువజ్జిన్ గారు తన సంచిలోంచి మూడు ఖర్జూరాలు తీసి నా అరచేతిలో పెట్టి అజాన్ ఇవ్వడానికి వెళ్ళిపోయారు. ఏతెకాఫ్ అంటే ఏమిటో నాకు అర్థమైంది ఆ రోజునే.

మనం పాటించే హనఫీ పద్ధతి (ఇస్లామీ ధర్మశాస్త్ర పద్ధతుల్లో ఒకటి) ప్రకారం మలమూత్ర విసర్జనకు, వుజూకు, విధిగా చేయవలసిన గుసుల్ స్నానానికి, ఆ మస్జిదులో శుక్రవారపు జుమా జరగకపోతే జుమా నమాజుకు మాత్రమే బయటికి వెళ్ళాలి. పని ముగియగానే ఆగకుండా తిరిగి రావాలి. రోగిని పరామర్శించడానికీ, జనాజాకూ (అంత్యక్రియలకు) కూడా గడప దాటకూడదు. మరుగుదొడ్డికి వెళ్ళి తిరిగి వచ్చేటప్పుడు త్వరగా రెండు చెంబులు పోసుకొనే విషయంలో కొందరు ఆలిములు (మత పండితులు) వెసులుబాటు ఇస్తారు. మీ ఇమాం గారు ఏమంటారో ముందే అడిగి తెలుసుకొని, ఆయన మాట ప్రకారం నడుచుకో.

ఎప్పుడు ప్రవేశించాలన్న విషయంలో చాలామంది పొరపడతారు. మన లెక్కలో రాత్రి ముందు, పగలు తర్వాత. అంటే ఇరవయ్యో రోజా నాడు సూర్యుడు అస్తమించగానే ఇరవై ఒకటో రాత్రి మొదలవుతుంది. ఇంట్లో తీరికగా ఇఫ్తార్ చేసి, రాత్రి ఇషా నమాజుకు పరుపు చుట్ట చంకన పెట్టుకొని వచ్చేవారిని నేను ఎన్నోసార్లు చూశాను. వారికి అప్పటికే సున్నత్ ఏతెకాఫ్ మొదటి ఘడియలు దాటిపోయి ఉంటాయి. నువ్వు ఆ రోజు అసర్ నమాజుకే సామానుతో సహా వెళ్ళిపో. పండుగ నెలవంక కనబడ్డాకే బయటికి రావాలి. అది ఇరవై తొమ్మిదో సాయంత్రం కావచ్చు, ముప్పయ్యో సాయంత్రం కావచ్చు. కాబట్టి కడపకు రావడానికి టిక్కెట్టు ముందుగా కొని, చివరి రోజు దాని గురించి బెంగపడుతూ కూర్చోవద్దు.

ఇక ఆఫీసు సంగతి. లాప్‌టాప్ తీసుకెళ్ళి, పగలు నాలుగైదు గంటలు పని చేసుకొని మిగిలిన సమయం ఇబాదత్‌లో (ఆరాధనలో) గడపవచ్చా అని అడిగావు. వద్దు నాయనా. దానివల్ల ఏతెకాఫ్ భంగమవుతుందని నేను అనడం లేదు. గడప దాటకుండా నువ్వు లోపలే ఉన్నా, నీ మనసు పది రోజులూ ఆఫీసులోనే ఉంటుంది. దేనిని వదిలి రావడానికి అక్కడికి వెళ్ళావో దానిని సంచిలో పెట్టుకొని వెళ్ళడం ఎందుకు? సెలవు దొరికితే పదిరోజులూ కూర్చో. దొరకకపోతే బాధపడకు, దొరికిన రెండు రోజులో, ఒక రాత్రో నఫిల్ ఏతెకాఫ్ నియ్యత్‌తో ఉండు. ఇస్లాంకు ముందు రోజుల్లో మక్కాలోని మస్జిదె హరాంలో ఒక రాత్రి ఏతెకాఫ్ ఉంటానని మొక్కుకున్న సహచరుడు హజ్రత్ ఉమర్ (రజి) ఆ సంగతి అడిగినప్పుడు, ఆ మొక్కు తీర్చుకోమని ప్రవక్త (స) చెప్పారు. ఒక్క రాత్రికి కూడా విలువ ఉంది.

చివరి పది రోజుల ఏతెకాఫ్ సున్నతె ముఅక్కదా కిఫాయా, అంటే అందరి తరఫున కొందరైనా పాటించవలసిన గట్టి సున్నత్. మహల్లాలో ఒకరు కూర్చున్నా అందరి బాధ్యత తీరుతుంది, ఒక్కరూ కూర్చోకపోతే ఆ లోపం అందరిదీ అవుతుంది. 2020లో లాక్‌డౌన్ వల్ల మస్జిదుల తలుపులు మనకు మూసుకుపోయిన రంజాను నీకు గుర్తుండే ఉంటుంది. ఆ ఏడు నేను ఇంట్లోనే నమాజులు చేసుకుంటూ, ఎవరికీ చెప్పకుండా ఎన్ని రాత్రులు కుమిలానో అల్లాహ్‌కే తెలుసు. తలుపు తెరిచి ఉండగా లోపలికి వెళ్ళగలగడం ఎంత పెద్ద వరమో నాకు అప్పుడు తెలిసింది.

సామాను తక్కువగా ఉండాలి. పలుచని పరుపు, దుప్పటి, దిండు, మూడు జతల బట్టలు, తువ్వాలు, మిస్వాక్ పళ్ళపుల్ల, వాడే మాత్రలు ఉంటే అవి, ఒక ఖురాను ప్రతి, దాని తెలుగు అనువాదం ఒకటి చాలు. తినేటప్పుడు పరచుకోవడానికి ఒక దస్తర్‌ఖాన్ తప్పకుండా పెట్టుకో. నలుగురూ నుదురు ఆనించే చోట అన్నం మెతుకు పడితే చీమలు చేరతాయి. పరదాకు పాత దుప్పటి, కొంచెం తాడు సరిపోతాయి. నమాజు వేళకు దానిని పైకి మడిచి కట్టెయ్యి. నీ పరదా వల్ల వరుస తెగకూడదు, ఒక ముసలాయన నిలబడే చోటు పోకూడదు. పచ్చి ఉల్లి, వెల్లుల్లి ఉన్న కూరలు పంపవద్దని ఇంట్లో చెప్పు. ఇఫ్తార్‌కు ఖర్జూరం, నీళ్ళు, కొంచెం గంజి తీసుకొని, సమోసాలూ హలీమూ మితంగా తింటేనే రాత్రి తరావీహ్ నమాజులో నిలబడగలవు.

స్మార్ట్‌ఫోను మాత్రం ఇంట్లో పెట్టి వెళ్ళు. ఖురాను అందులోనే చదువుతాననీ, అలారం కావాలనీ నీ మనసు నీకు సర్దిచెబుతుంది. ఖురాను ప్రతినే చేతిలోకి తీసుకోవచ్చు, తెల్లవారుజామున సహరీ భోజనానికి మువజ్జిన్ గారే లేపుతారు. ఇంటివారితో అత్యవసరంగా మాట్లాడడానికి బటన్ల ఫోను ఒకటి పెట్టుకొని, రోజుకు ఒకసారి అసర్ తర్వాత రెండు నిమిషాలు మాట్లాడు.

ఫోను కన్నా ఎక్కువగా కాలాన్ని హరించేవి ముచ్చట్లు. ఇన్నేళ్ళలో నేను చూసినంతలో, పాపాల వల్ల ఏతెకాఫ్ పాడుచేసుకున్నవారు తక్కువ, మాటల్లో పడి పోగొట్టుకున్నవారు ఎక్కువ. పక్క పరదాలో కూర్చున్నవాడు మంచివాడే, సహరీ పంచుకుంటాడు, ఆ తర్వాత ఒక మాట, ఆ మాట మీద ఇంకో మాట, చూస్తుండగానే ఫజర్ అజాన్ వినిపిస్తుంది. అసలు నోరు విప్పకుండా ఉండడమే ఇబాదత్ అనుకోవడం కూడా తప్పు, అది మన ధర్మంలో లేదు. సలాముకు బదులు చెప్పు, క్షేమం అడుగు, ఏ సంగతైనా తెలియకపోతే అడిగి నేర్చుకో, తర్వాత నీ పరదాలోకి వెళ్ళిపో. నీ తిలావత్ (ఖురాను పఠనం) కూడా పక్కవారికి అడ్డు కాకూడదు. ఒకసారి ప్రవక్త (స) ఏతెకాఫ్‌లో ఉండగా కొందరు గొంతెత్తి ఖురాను చదువుతుంటే, ఆయన తెర తొలగించి, మీలో ప్రతి ఒక్కరూ తన ప్రభువుతో ఏకాంతంగా మొరపెట్టుకుంటున్నవారే, ఒకరినొకరు ఇబ్బంది పెట్టుకోవద్దని చెప్పినట్లు హదీసులో ఉంది. తెరకు ఇవతల మనం మాట్లాడుతున్నది ఎవరితోనో ఆ హదీసు చదివిన ప్రతిసారీ నాకు గుర్తుకొస్తుంది.

పది రోజులు ఎలా గడపాలంటే, ఒంటికి సరిపోయే క్రమం ఒకటి మొదటి రోజే పెట్టుకో. ఫజర్ తర్వాత సూర్యుడు పైకి వచ్చేవరకు జిక్ర్ (అల్లాహ్ నామస్మరణ), తర్వాత ఇష్రాక్ నమాజు, ఆ పైన మూడు నాలుగు గంటలు నిద్ర. జుహర్ నుంచి అసర్ వరకు అర్థంతో సహా ఖురాను. అసర్ తర్వాత దుఆ (వేడుకోలు). తరావీహ్ అయ్యాక కాసేపు నడుం వాల్చి, రాత్రి చివరి మూడో భాగంలో తహజ్జుద్ నమాజుకు లే. ఖురానులోని ముప్పై పారాలలో (భాగాలలో) రోజుకు మూడు చొప్పున చదివితే పది రోజులకు ఖురాను పూర్తవుతుంది గాని, లెక్క కోసం పరుగెత్తకు. ఒక్క పారా చదివి ఒక్క ఆయత్ (వాక్యం) దగ్గర ఆగి కంటతడి పెట్టినా ఆ రోజు వృథా పోలేదు.

షబె ఖద్ర్ అనే ఘనమైన రాత్రి గురించి ఒక మాట గట్టిగా చెబుతాను. మన వైపు ఇరవై ఏడో రాత్రిని పెద్దరాత్రి అంటారు. ఆ రాత్రి మస్జిదు కిటకిటలాడుతుంది, బయానులు (ప్రసంగాలు) ఉంటాయి, మిఠాయిలు పంచుతారు. ఇరవై తొమ్మిదో రాత్రికి వచ్చేసరికి సగం వరుసలు ఖాళీ. వెయ్యి నెలల కన్నా మేలైనదని ఖురాను 97వ సూరా చెప్పిన ఆ రాత్రిని చివరి పది రోజుల బేసి రాత్రులలో వెతకమన్నారే తప్ప, ఇదే అని తేల్చి చెప్పలేదు. ప్రవక్త (స) కాలంలో ఒక ఏడు ఇరవై ఒకటో రాత్రి వాన కురిసి, ఖర్జూరపు మట్టలు కప్పిన మస్జిదు కప్పు కారి, ఫజర్ నమాజు ముగిసేసరికి ఆయన నుదుటి మీద తడి మట్టి అంటుకొని కనిపించిందని ఆయన సహచరుడు అబూ సయీద్ ఖుద్రీ (రజి) చెప్పారు. ఆ ఏడు ఆయనకు కలలో చూపిన గుర్తు అదే. అందువల్ల అలసిపోయి మొదటి రాత్రే పడుకోకు, ఇరవై ఏడు దాటింది కదా అని దిండు మీద వాలిపోకు. ఆ రాత్రి దొరికితే ఏమని అడగాలని ప్రవక్త (స) భార్య హజ్రత్ ఆయిషా (రజి) అడిగినప్పుడు ఆయన నేర్పిన దుఆ చిన్నది: అల్లాహుమ్మ ఇన్నక అఫువ్వున్ తుహిబ్బుల్ అఫ్వ ఫఅఫు అన్నీ. ఓ అల్లాహ్, నీవు మన్నించేవాడివి, మన్నించడం నీకు ఇష్టం, నన్ను మన్నించు అని దాని అర్థం. ఇది కంఠస్థం చేసుకొని వెళ్ళు.

వెళ్ళే ముందు ఇంటి బాధ్యతలు తీర్చుకో. ఎవరికైనా బాకీ ఉంటే ఇచ్చేయి, ఎవరితోనైనా మాటలు లేకపోతే వెళ్ళి కలుపుకో, పండుగకు పేదలకిచ్చే ఫిత్రా డబ్బు లెక్కకట్టి ఇంట్లో పెట్టు. పది రోజులు పిల్లలనూ, వంటనూ, సహరీ ఇఫ్తార్‌లు పంపే పనినీ ఒంటిచేత్తో మోసేది నీ భార్య కాబట్టి, ఆమెతో ముందుగా కూర్చొని మాట్లాడి, ఆమె మనస్ఫూర్తిగా ఒప్పుకున్నాకే నియ్యత్ చేసుకో. నువ్వు లోపల చేసే ప్రతి సజ్దాలో ఆమె శ్రమ ఉంటుంది. మరో ఏడు నువ్వు పిల్లలను చూసుకొని ఆమెను కూర్చోనివ్వు. హనఫీ పద్ధతిలో ఆడవారు ఇంట్లో నమాజు కోసం ఏర్పరచుకున్న చోటనే ఏతెకాఫ్ ఉంటారు. మీ ముమానీ (నా భార్య) మన వెనకగదిలో కిటికీ పక్కన చాప వేసుకొని నాలుగుసార్లు కూర్చుంది. ఆ పది రోజులూ నేను వండిన పప్పు ఉప్పు లేకున్నా ఏమీ అనకుండా తినేది. ఆమెను చూడటానికి పిల్లలు రావచ్చు, నీ దగ్గరికీ రావచ్చు. ప్రవక్త (స) ఏతెకాఫ్‌లో ఉండగా ఆయన భార్య హజ్రత్ సఫియ్యా (రజి) ఆయన దగ్గరికి వచ్చి కాసేపు మాట్లాడి వెళ్ళారు. ఖురానులో బఖరా సూరా 187వ ఆయత్ మస్జిదులో ఏతెకాఫ్ ఉన్న రోజుల్లో దాంపత్యాన్ని వారించింది గాని, ప్రేమగా పలకరించుకోవడాన్ని కాదు.

మీ నాన్నగారు చివరిసారి ఏతెకాఫ్ కూర్చున్నప్పుడు వాడిన చాప నా దగ్గరే ఉంది. ఆయన వెళ్ళిపోయాక దాన్ని ఎవరికీ ఇవ్వలేదు. తల ఆనే చోట ఒక పాయ అరిగి ఊడితే మీ ముమానీ దారంతో కుట్టింది. వచ్చే ఆదివారం మనవాళ్ళు ఒకరు హైదరాబాదు వస్తున్నారు, ఆయన చేత పంపిస్తాను. రాగానే ఒక పూట ఎండలో వేసి దులిపి ఉంచుకో. ఇరవయ్యో రోజా నాడు అసర్‌కు దానిని నువ్వే భుజాన వేసుకొని వెళ్ళు, మొదటి రాత్రి దుఆలో ముందుగా ఆయన పేరు తలచుకో.

నీ మామూ