ఆర్సీలో ఆ రెండు సంవత్సరాలు చూశారా?

ప్రశ్న: మాది పశ్చిమ గోదావరి జిల్లా. 19 నెలల క్రితం ఢిల్లీలో ఒక కార్ల వ్యాపారి దగ్గర సెకండ్ హ్యాండ్ ల్యాండ్ క్రూజర్ 38 లక్షలకు కొన్నాను. దుబాయ్ నుంచి దిగుమతి చేసిన బండి అన్నాడు. రిజిస్ట్రేషన్ హిమాచల్ ప్రదేశ్‌లో ఉంది. 22 లక్షలు బ్యాంకు ద్వారా, 16 లక్షలు నగదుగా ఇచ్చాను. ఆ వ్యాపారి నమ్మకస్తుడని మా బావమరిది చెప్పబట్టే ధైర్యం చేశాను. డబ్బు ఇచ్చినప్పుడు ఆయన పక్కనే ఉన్నాడు. పాత ఓనర్ సంతకాలున్న ఫారం 29, 30 (యాజమాన్య బదిలీ ఫారాలు) చేతిలో పెట్టి, ఎన్ఓసీ (బండిని వేరే రాష్ట్రానికి మార్చడానికి అభ్యంతరం లేదన్న పత్రం) నెల రోజుల్లో పంపిస్తానన్నాడు. ఇప్పటికీ రాలేదు. 30 రోజులు దాటితే ఎన్ఓసీ వచ్చినట్టేనని ఇప్పుడంటున్నాడు. ఇక్కడి రవాణా శాఖ ఆఫీసులో అడిగితే ఎన్ఓసీ లేకుండా కుదరదని నోటిమాటగా చెప్పి పంపేశారు. బండికి పెట్టింది నాన్నగారి పొలం అమ్మిన డబ్బు. ఇంట్లో రోజూ గొడవ, ఒకటే టెన్షన్. ఇంకో 2 లక్షలిస్తే వేరే రాష్ట్రంలో కొత్త నంబరు వేయిస్తానని వ్యాపారి అంటున్నాడు. అదీ కాక, ముందు ఇక్కడ లైఫ్ ట్యాక్స్ కట్టేస్తే పని అవుతుందా? బావమరిది మీద కేసు పెట్టవచ్చా? ఆర్సీ కాపీ, బండి ఫొటోలు జత చేశాను.

జవాబు: మీ ఉత్తరమంతా ఎన్ఓసీ, బావమరిది చుట్టూనే తిరిగింది. నేను ఆర్సీ కాపీలో రెండు గళ్ల దగ్గర ఆగిపోయాను. తయారీ సంవత్సరం 2014. మొదటి రిజిస్ట్రేషన్ 2021. మీ కేసును తేల్చేది ఈ రెండు అంకెలే, ఎన్ఓసీ కాదు.

ఎందుకో చెబుతాను. విదేశంలో వాడిన కారును మన దేశానికి తేవాలంటే అది తయారై 3 ఏళ్లు మించకూడదు. స్టీరింగ్ కుడివైపు ఉండాలి. ముంబయి రేవు ద్వారానే రావాలి. వచ్చాక బిల్ ఆఫ్ ఎంట్రీ (దిగుమతి వివరాలతో కస్టమ్స్‌కు ఇచ్చే పత్రం) దాఖలు చేసి, కస్టమ్స్ సుంకం కట్టి, ఆ పత్రం చూపించి రిజిస్ట్రేషన్ చేయించుకోవాలి. 2014లో తయారైన బండి 2021లో మొదటిసారి రిజిస్టర్ అయిందంటే మధ్యలో 7 ఏళ్ల ఖాళీ ఉంది. ఆ 7 ఏళ్లు బండి ఎక్కడుంది? దేశంలోకి ఎప్పుడు, ఎలా వచ్చింది? దీనికి సరైన సమాధానం ఉండే అవకాశం లేకపోలేదు. రాయబార కార్యాలయం వాడి, సుంకం కట్టాక అమ్మిన బండి కావచ్చు. సైన్యం వేలంలో వదిలించుకున్నది కావచ్చు. కానీ అలాంటి బండికి వేలం కాగితం, సుంకం రసీదు, విడుదల ఉత్తర్వు తప్పకుండా ఉంటాయి. మీ దగ్గర వాటిలో ఒక్కటీ లేదు.

ఇంకో మాట. దుబాయ్‌లో బండ్లు రోడ్డుకు కుడివైపున నడుస్తాయి, అక్కడి కార్లకు స్టీరింగ్ ఎడమవైపు ఉంటుంది. మీరు పంపిన డ్యాష్‌బోర్డు ఫొటోలో స్టీరింగ్ కుడివైపు ఉంది. ఇదొక్కటే మోసాన్ని రుజువు చేయదు. అయినా వ్యాపారి చెప్పిన కథకూ మీ ఇంటి ముందున్న బండికీ పొంతన కుదరడం లేదని మాత్రం చెబుతోంది.

భయపెట్టడానికి కాదు, తెలిసి ఉండాలని చెబుతున్నాను. 2025 సెప్టెంబరులో కేరళలో కస్టమ్స్ అధికారులు 'ఆపరేషన్ నుంఖోర్' పేరుతో సోదాలు చేశారు. భూటాన్ నుంచి పాత ఖరీదైన కార్లను దొంగచాటుగా దాటించి, నకిలీ కాగితాలతో హిమాచల్ వంటి రాష్ట్రాల్లో రిజిస్టర్ చేయించి అమ్మారన్నది అక్కడి ఆరోపణ. సైన్యం పేరు, రాయబార కార్యాలయాల పేరు వాడుకున్నారని అధికారులు చెప్పారు. సినిమా నటుల ఇళ్లలోనూ సోదాలు జరిగాయి. భూటాన్‌లో కూడా మనలాగే ఎడమవైపు నడుపుతారు, స్టీరింగ్ కుడివైపు ఉంటుంది. మీ బండి కూడా అలాంటిదేనని నేను తేల్చడం లేదు. దాన్ని తేల్చేది కాగితమే.

ఇప్పుడు మీ నిర్లక్ష్యం గురించి కూడా చెప్పాలి. 38 లక్షల దిగుమతి బండి కొంటూ 'బిల్ ఆఫ్ ఎంట్రీ చూపించు' అని ఒక్క మాట అడగలేదు. 16 లక్షల నగదుకు రసీదు తీసుకోలేదు. 19 నెలలు ఫోన్లలోనే గడిపేశారు. ఫొటోలు పది పంపారు, వాటిలో సీట్లు, చక్రాలు, సన్‌రూఫ్ అన్నీ ఉన్నాయి, ఛాసిస్ నంబరు ఫొటో మాత్రం లేదు. ఇవాళే ఆ పని చేయండి. ఛాసిస్ నంబరు చెక్కిన చోట మట్టి, గ్రీజు గుడ్డతో తుడిచి, పల్చటి కాగితం పెట్టి పెన్సిల్‌తో రుద్ది ప్రింట్ తీయండి. ఆర్టీవో ఆఫీసుల్లో చేసేది ఇదే. ఒక్కో అక్షరం ఆర్సీతో సరిచూడండి. అంకెల చుట్టూ గీకిన గుర్తులు, కొత్తగా వేసిన పెయింట్, వరుస తప్పిన అంకె కనిపిస్తే బండిని ముట్టుకోకుండా అలాగే ఉంచి ఫొటో తీయండి. నంబరు తేడాగా ఉన్నా, రిజిస్ట్రేషన్ తప్పుడు పత్రాలతో జరిగినా మోటారు వాహనాల చట్టం సెక్షన్ 55 కింద రిజిస్ట్రేషన్ రద్దు చేసే అధికారం ఉంది.

ఇక వ్యాపారి చెప్పిన 'ఎన్ఓసీ వచ్చినట్టే' అన్న మాట సంగతి. సెక్షన్ 48లో అలాంటి నిబంధన ఉన్న మాట నిజమే. దరఖాస్తు అందిన 30 రోజుల్లో అధికారి తిరస్కరించకపోతే, తిరస్కరించినట్టు తెలపకపోతే ఎన్ఓసీ ఇచ్చినట్టే భావించాలి. కానీ దీనికి ముందు దరఖాస్తు అంటూ ఒకటి ఉండాలి. ఆర్సీలో పేరున్న యజమాని ఎన్ఓసీ కోసం ఫారం 28 పెట్టి, రసీదు తీసుకుని ఉండాలి. మీ దగ్గర ఆ రసీదు లేదు. ఆ యజమాని ఎవరో, ఆయన దరఖాస్తు పెట్టాడో లేదో కూడా మీకు తెలియదు. లేని దరఖాస్తుకు 30 రోజుల గడువు మొదలే కాదు. పైగా ఎన్ఓసీ ఇచ్చే ముందు బండి మీద దొంగతనం కేసు లేదని పోలీసు నివేదిక, పన్ను బకాయిలు లేవని ఆధారం చూస్తారు. వ్యాపారి ఈ మెట్టు తప్పించుకుంటున్నాడంటే దాని వెనుక కారణం ఉండవచ్చు.

గడువుల లెక్క కూడా మీకు అనుకూలంగా లేదు. వేరే రాష్ట్రం వారికి అమ్మినవారు 45 రోజుల్లో ఎన్ఓసీ సహా బదిలీ తెలపాలి, కొన్నవారు 30 రోజుల్లో తెలపాలి. బయటి రాష్ట్రం నంబరుతో ఇక్కడ 12 నెలలు మించి ఉంచితే కొత్త నంబరుకు దరఖాస్తు చేయాలి. మూడూ దాటిపోయాయి. వీటికి జరిమానాతో సరిపెట్టుకోవచ్చు, దీని గురించి నిద్ర పాడు చేసుకోకండి. ఆర్టీవో ఆఫీసులో నోటిమాటతో వెనక్కి వచ్చేయడం మాత్రం తప్పు. అధికారి ఉత్తర్వుపై అప్పీలు చేసుకునే హక్కు సెక్షన్ 57 ఇస్తుంది, అదీ ఉత్తర్వు అందిన 30 రోజుల్లోపే. రాతపూర్వక ఉత్తర్వు లేనిదే దేని మీద అప్పీలుకు వెళ్తారు? దరఖాస్తు రాసి ఇవ్వండి, అక్‌నాలెడ్జ్‌మెంట్ తీసుకోండి, తిరస్కరిస్తే కారణాలు కాగితం మీద రాసివ్వమని అడగండి.

లైఫ్ ట్యాక్స్ ఇప్పుడు కట్టకండి. పన్ను రసీదు బండి వాడుకకు రాష్ట్రానికి చెల్లించిన డబ్బుకు రుజువే తప్ప, బండి మీ సొంతమని ఎక్కడా చెప్పదు. కాగితాలన్నీ సక్రమమని తేలాక, బండి వయసును బట్టి, దిగుమతి సుంకం కలిపిన విలువ మీద లెక్క కట్టించుకోండి. ముందుగా కట్టేస్తే లక్షలు అక్కడే ఆగిపోతాయి.

ఇప్పుడు అసలు ప్రమాదం చెబుతాను, జాగ్రత్తగా చదవండి. వ్యాపారి అడిగిన ఆ 2 లక్షలు ఎట్టి పరిస్థితుల్లోనూ ఇవ్వకండి. 'వేరే రాష్ట్రంలో కొత్త నంబరు' అంటే, మీరు ఉండని ఊళ్లో మీ పేరు మీద అద్దె ఒప్పందం పుట్టించి, అక్కడ నివాసమున్నట్టు సంతకం పెట్టించడం. సెక్షన్ 40 ప్రకారం యజమాని నివాసం లేదా వ్యాపారం ఉండి, బండి మామూలుగా ఉంచే రాష్ట్రంలోనే రిజిస్ట్రేషన్ జరగాలి. తక్కువ పన్ను కోసం పుదుచ్చేరి చిరునామాలు చూపించిన కేరళ వాసుల మీద 2017లో కేసులు నడిచిన సంగతి చాలామందికి గుర్తుండే ఉంటుంది. ఈ రోజు వరకూ మీరు మోసపోయిన కొనుగోలుదారు. పోలీసుల ముందు, కస్టమ్స్ ముందు మీరు ఫిర్యాదుదారు, సాక్షి. ఆ సంతకం పెట్టిన నిమిషం నుంచి నకిలీ పత్రాన్ని అసలుదిగా వాడిన నిందితుడు. భారతీయ న్యాయ సంహితలో సెక్షన్ 318 మోసానికి, 336 ఫోర్జరీకి, 340 నకిలీ పత్రాన్ని వాడినందుకు. ఇవి వ్యాపారి మీద పడాలా, మీ మీద పడాలా అన్నది ఆ ఒక్క సంతకంతో తేలిపోతుంది. ఇవే సంతకాల ఫారాలతో ఇంకొకరికి అమ్మేసి బయటపడదామన్న ఆలోచన వచ్చి ఉంటే, అదీ ఇంతకంటే మంచిది కాదు. అనుమానం ఉందని తెలిసి అమ్మితే ఆ కొత్త కొనుగోలుదారుకు మోసగాడు మీరే.

బండి రోడ్డు మీదికి తీయకండి. ఆర్సీలో ఎవరి పేరుంటే వారినే యజమానిగా చూడాలని సుప్రీంకోర్టు 2018లో నవీన్ కుమార్ కేసులో చెప్పింది. ప్రమాదం జరిగితే పరిహారం గొడవలో ఎవరో తెలియని పాత యజమాని, మీరు, బీమా కంపెనీ ముగ్గురూ కోర్టులో కొట్టుకోవాలి. బీమా మీ పేరుకు మారకపోతే సొంత బండి నష్టానికి క్లెయిమ్ రాదు.

ఇక చేయవలసినది. ముందు వ్యాపారికి న్యాయవాది ద్వారా రిజిస్టర్డ్ పోస్టులో నోటీసు. 15 రోజుల్లో బిల్ ఆఫ్ ఎంట్రీ, సుంకం చెల్లింపు రసీదు, ఫారం 28 దరఖాస్తు రసీదు ఇవ్వాలి, లేదా 38 లక్షలు వడ్డీతో వాపసు చేయాలి అని. అమ్మడానికి హక్కు ఉందన్నది ప్రతి అమ్మకంలోనూ అంతర్లీనంగా ఉండే షరతు, వస్తువుల విక్రయ చట్టం సెక్షన్ 14 చెప్పేది అదే. ఆ హక్కే లేదని రుజువైతే సొమ్ము తిరిగి అడిగే హక్కు మీకుంటుంది. మీరు ఇన్నాళ్లు వాడుకున్నారన్న వాదన అప్పుడు అతనికి పెద్దగా కలిసిరాదు. 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్న నియమం ప్రకారం, సెకండ్ హ్యాండ్ వాహనాలతో వ్యాపారం చేసే డీలర్‌కు రవాణా శాఖ అధికార పత్రం ఉండాలి. అతనికి అది ఉందో లేదో నోటీసులోనే అడిగేయండి.

అదే రోజు హిమాచల్‌లోని రిజిస్ట్రేషన్ అధికారికి సమాచార హక్కు దరఖాస్తు పంపండి. ఈ నంబరు బండి రిజిస్ట్రేషన్ ఫైలులో బిల్ ఆఫ్ ఎంట్రీ ఉందా, దాని నంబరు, తేదీ, రేవు ఏమిటి, ఎన్ఓసీ దరఖాస్తు వచ్చిందా. ఇవే అడగండి. 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి. బిల్ ఆఫ్ ఎంట్రీ నంబరు దొరికితే కస్టమ్స్ వారి ఐస్‌గేట్ పోర్టల్‌లో సరిచూడవచ్చు. నిజమైనదని తేలి, ఛాసిస్ నంబరు కలిస్తే మీ పని సులువు: పాత యజమాని చేత ఫారం 28, 29, ఆర్సీలో ఫైనాన్స్ నమోదై ఉంటే అది తీరినట్టు ఫారం 35, మీరు ఫారం 30, కొత్త నంబరుకు ఫారం 27, జరిమానా, లైఫ్ ట్యాక్స్. నకిలీ అని తేలితే కస్టమ్స్ వారు మీ ఇంటికి రాకముందే మీరే న్యాయవాదితో వెళ్లి రాతపూర్వకంగా చెప్పండి. స్వాధీనం చేసుకున్నా, 6 నెలల్లో నోటీసు ఇవ్వాలన్న నియమం ఉంది (మరో 6 నెలలు పొడిగించే వీలుంది), తాత్కాలిక విడుదల కోరే మార్గమూ ఉంది.

పోలీసు ఫిర్యాదుకు ఢిల్లీ వెళ్లనక్కర్లేదు, ఇక్కడి స్టేషన్‌లోనే జీరో ఎఫ్‌ఐఆర్ (నేరం ఎక్కడ జరిగినా ఏ స్టేషన్‌లోనైనా నమోదు చేసే కేసు) నమోదు చేయించవచ్చు. వాట్సాప్ సంభాషణలున్న ఫోన్ మార్చకండి, రిపేరుకి ఇవ్వకండి. కోర్టులో అవి చెల్లాలంటే భారతీయ సాక్ష్య అధినియమం సెక్షన్ 63 ప్రకారం సర్టిఫికెట్ జతచేయాలి. 16 లక్షల నగదుకు మీ బ్యాంకు విత్‌డ్రాయల్స్, పొలం అమ్మిన దస్తావేజు, ఆ రోజు పక్కనున్న మనిషి సాక్ష్యం కలిపి చూపించాలి. 2 లక్షలు, అంతకు మించి నగదు తీసుకోకూడదన్న ఆదాయపు పన్ను నిబంధనను దాటినందుకు జరిమానా తీసుకున్నవాడి మీదే పడుతుంది. కాబట్టి నగదు విషయం దాచకండి.

ఆ పక్కనున్న మనిషి మీ బావమరిదే కదా. మంచివాడని చెప్పడం నేరం కాదు, కమీషన్ తీసుకుని ఉంటే తప్ప ఆయన మీద కేసు నిలవదు. ఇప్పుడు ఆయన మీకు నగదు సాక్షి. ఇవాళ ఆయనతో పోట్లాడితే రేపు కోర్టులో 16 లక్షలు ఇచ్చానని చెప్పేవారు మిగలరు.

వినియోగదారుల కమిషన్‌లో ఫిర్యాదుకు గడువు 2 ఏళ్లు. సొంత వాడకానికి కొన్నారు కాబట్టి మీరు వినియోగదారే. చెల్లించింది 50 లక్షలు దాటలేదు కనుక జిల్లా కమిషన్‌లోనే, అదీ మీరు నివసించే చోటే వేయవచ్చు. ఎన్ఓసీ రాదని తెలిసిన రోజు నుంచి లెక్కించాలని వాదించే వీలున్నా దాని మీద ఆధారపడకండి. కొన్న రోజు నుంచే లెక్కేయండి, అంటే మిగిలింది 5 నెలలు. సివిల్ దావాకు 3 ఏళ్లు ఉన్నా, దాన్ని చూసుకుని ఈ 5 నెలలు పోగొట్టుకోకండి. నోటీసు గడువు 15 రోజులు, ఆర్టీఐ జవాబుకు 30 రోజులు పోగా నాలుగో నెల మొదలయ్యే సరికి ఫిర్యాదు కమిషన్‌లో పడి ఉండాలి.