ఎడతెగని టెన్షన్, తెల్లవారుజామున 3కే మెలకువ: ఆక్యుపంక్చర్‌తో తగ్గుతుందా, ఎన్ని సిట్టింగులు కావాలి?

ఏడాదిగా ఆఫీసు ఒత్తిడి, పడుకుంటే నిద్ర పట్టదు, పట్టినా 3 గంటలకే మెలకువ వస్తోంది, ఆక్యుపంక్చర్ చేయించుకోవాలా అని అడిగారు. చేయించుకోవచ్చు. కానీ సూదుల మీదే భారం వేయకండి. సిట్టింగ్ అయిన రోజు కొందరికి ఒళ్లు తేలికపడి, ఆ రాత్రి నిద్ర బాగుండొచ్చు. తర్వాత మళ్లీ మామూలు కావొచ్చు. అందుకే ఆ తెరిపి ఉన్నప్పుడే నిద్ర వేళలు సరిచేసుకోండి. నిద్రలేమికి ఆక్యుపంక్చర్ ఎంత పనిచేస్తుందన్న దానిపై పరిశోధనలు ఒకే మాట చెప్పడం లేదు. నిద్ర అలవాట్లు మార్చే సీబీటీ-ఐ (నిద్రలేమికి కాగ్నిటివ్ బిహేవియరల్ థెరపీ) పద్ధతికి మాత్రం ఆధారాలు గట్టివి. అమెరికా వైద్యుల సంఘమైన అమెరికన్ కాలేజ్ ఆఫ్ ఫిజిషియన్స్ 2016లో మందులకన్నా ముందు దీన్నే మొదలుపెట్టమంది.

సూదుల సంగతి ముందు. వారానికి ఒకటి రెండు చొప్పున 6 నుంచి 8 సిట్టింగులు చూడండి. నాలుగైదు అయినా ఏ మార్పూ లేకపోతే ఆపేయండి. ముందే 30 సిట్టింగుల ప్యాకేజీ కట్టమంటే కట్టకండి. బీఎన్‌వైఎస్ (నేచురోపతి, యోగా డిగ్రీ) చదివిన నేచురోపతి డాక్టర్లకు కోర్సులోనే ఆక్యుపంక్చర్ ఉంటుంది, అక్కడ మొదలుపెట్టొచ్చు. ఒత్తిడికి ఎక్కువగా సూదులు గుచ్చే బిందువులు: కనుబొమల మధ్య యిన్‌టాంగ్, నడినెత్తిన బైహుయి, మణికట్టు మడత మీద చిటికెనవేలి వైపు షెన్‌మెన్, ఆ మడతకు మూడు వేళ్ల దూరంలో మోచేతి వైపు, రెండు టెండన్ల (కండరాన్ని ఎముకకు కలిపే తాళ్ల) మధ్య నేగువాన్. సూదులు 20, 30 నిమిషాలు ఉంచుతారు. మొద్దుగా, బరువుగా గుంజినట్టుంటే కంగారు వద్దు. కరెంటు షాక్‌లా జివ్వున లాగితే మాత్రం వెంటనే చెప్పండి, సూది నరానికి తగిలి ఉండొచ్చు.

ఖాళీ కడుపుతో వెళ్తే కళ్లు తిరగొచ్చు. గంట ముందు ఇడ్లీయో ఏదో తిని, మొదటిసారి పడుకునే చేయించుకోండి. సూదుల ప్యాకెట్ మీ ఎదుటే చింపాలి. టెన్షన్ ఉన్నవాళ్లకు భుజాలు బిగుసుకుంటాయి కాబట్టి అక్కడే పెట్టమని అడుగుతారు. భుజం పైన లోతుగా దింపితే ఊపిరితిత్తికి చిల్లు పడే ప్రమాదం ఉంది. అరుదే, అయినా సిట్టింగ్ తర్వాత ఆయాసం, ఛాతీలో పోటు వస్తే నేరుగా ఎమర్జెన్సీకి వెళ్లాలి. రక్తం పలచబడే మందులు వాడుతున్నా, గర్భిణి అయినా ముందే చెప్పండి. పేస్‌మేకర్ ఉంటే సూదులకు కరెంటు పెట్టించుకోకూడదు.

ఇక అసలు పని నిద్ర వేళలది, సీబీటీ-ఐలో ఒక భాగం ఇదే. ఒక వారం ఎప్పుడు పడుకున్నారో, ఎప్పుడు లేచారో, సుమారుగా ఎంతసేపు నిద్రపోయారో నోట్‌బుక్‌లో రాయండి. ఉదాహరణకు 10:30కి పక్కెక్కి 6:30కి లేస్తున్నారు, నిద్ర మాత్రం 6 గంటలే. అంటే 2 గంటలు పక్క మీద ఊరికే దొర్లుతున్నారు, పక్క అంటేనే ఆలోచనలు అన్నది ఒంటికి అలవాటైపోతుంది. కాబట్టి 12:30 దాకా పక్కెక్కకండి, 6:30కి లేవండి. పక్క మీదున్న 6 గంటల్లో 5 గంటల 15 నిమిషాలు నిద్ర పడితే 87.5 శాతం. వారం సగటు 85 దాటితే, 15 నిమిషాలు ముందే, అంటే 12:15కే, పడుకోండి. నిద్ర ఎంత తక్కువ పట్టినా, పక్క మీద ఉండే సమయాన్ని ఐదున్నర గంటలకన్నా తగ్గించకండి. మొదటి వారం పగలు బాగా మగతగా ఉంటుంది, కునుకు వస్తుంటే బండి నడపొద్దు. ఫిట్స్ ఉన్నవాళ్లు, బైపోలార్ ఉన్నవాళ్లు డాక్టరును అడక్కుండా దీని జోలికి పోవద్దు.

ఇది చెడేది రెండు చోట్ల. ఆదివారం 9 దాకా పడుకోవడం ఒకటి, రాత్రి టీవీ ముందు సోఫాలో కునుకు తీయడం రెండోది. ఆ పావుగంట కునుకుతో రాత్రికని కూడబెట్టిన నిద్ర కాస్తా ఖర్చయిపోతుంది. 3కి మెలకువ వస్తే గడియారం, ఫోను చూడకండి. 20 నిమిషాలు అయిందనిపిస్తే లేచి, మసక వెలుతురులో కుర్చీలో కూర్చుని, కళ్లు మూతపడుతుంటేనే తిరిగి పక్కెక్కండి. నేగువాన్ దగ్గర బొటనవేలితో రెండు నిమిషాలు నొక్కుకోవడానికి కూడా అదే సమయం. కెఫీన్ సగానికి తగ్గడానికే సుమారు 5 గంటలు పడుతుంది కాబట్టి మధ్యాహ్నం 2 తర్వాత టీ, కాఫీ మానండి. మద్యం తాగితే తొందరగా నిద్ర పట్టినా, ఆ 3 గంటలకు వచ్చే మెలకువను అదే తేవొచ్చు.

అల్ప్రజోలం లాంటి టెన్షన్ తగ్గించే మాత్రలు రోజూ వేసుకుంటుంటే, నిద్ర బాగుపడిందని ఒక్కసారిగా ఆపకండి, ఫిట్స్ రావొచ్చు. రాసిన డాక్టరే నెమ్మదిగా తగ్గించాలి. పెద్దగా గురక ఉంటే స్లీప్ ఆప్నియా (నిద్రలో ఊపిరి ఆగి ఆగి ఆడే సమస్య) పరీక్ష, గుండెదడ ఉంటే థైరాయిడ్ పరీక్ష ముందు చేయించండి. బతకాలని లేదు అన్న ఆలోచన వస్తుంటే ఇవన్నీ పక్కనపెట్టి, ఏ సమయంలోనైనా ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ 14416కి ఫోన్ చేయండి. డబ్బులు కట్టనక్కర్లేదు, తెలుగులోనే మాట్లాడొచ్చు.